మీ బుజ్జికి కావలసింది స్నానం కాదు, గడ్డి

ప్రశ్న:

మేడమ్, మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ కుందేలు ఉంది. పేరు బుజ్జి. రెండు నెలలుగా దాని తోక కింద బొచ్చుకి నల్లగా, జిగురుగా మలం అంటుకుపోతోంది. వారానికి రెండుసార్లు టబ్బులో పెట్టి షాంపూతో స్నానం చేయిస్తున్నాం. మూడో రోజుకి మళ్లీ అంతే. పెల్లెట్ల (చిన్న బిళ్లల్లా దొరికే మేత) గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంచుతాం. మా పాప రోజూ అరటిపండు, క్యారెట్ ముక్కలు పెడుతుంది. గడ్డి వేస్తే పెద్దగా ముట్టుకోదు. ఇవి విరేచనాలా? ఏదైనా మందు ఉందా? వాసన భరించలేక మా అత్తగారు దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. నిన్న దాని వెనక ఒక ఈగ వాలడం కూడా చూశాను. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీరు చివర్లో ఒక్క మాటలో రాసిన ఆ ఈగ గురించే ముందు మాట్లాడతాను. ఇక్కడితో చదవడం ఆపి, బుజ్జిని మంచి వెలుతురులో కూర్చోబెట్టి, తోక కింద, గజ్జల మడతల్లో, మలం అంటుకున్న చోట బొచ్చు మొదళ్ల దాకా వేళ్లతో పాయలు తీసి చూసి రండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, పచ్చగా లోహంలా మెరిసే ఒక రకం ఈగ మురికిపట్టిన తడి బొచ్చుని వెతుక్కుంటూ వచ్చి అక్కడ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు లేత పసుపు కలిసిన తెలుపు రంగులో, సన్నటి నూకల్లా, గుత్తులుగా వెంట్రుకలకు అతుక్కుని ఉంటాయి. వాతావరణం వెచ్చగా ఉంటే ఒక్క రోజులోపే పొదిగి పురుగులవుతాయి. ఆ పురుగులు మురికితో ఆగవు. చర్మాన్ని, దాని కింద కండని తింటూ లోపలికి పోతాయి. ముందురోజు మామూలుగా ఉన్న కుందేలు మర్నాటికి ప్రాణాపాయంలో పడేది ఇలాగే. ఇంట్లోపలే ఉండే కుందేలుకి ఇది రాదని చాలామంది అనుకుంటారు. ఈగకి ఒక్క కిటికీ తెరిచి ఉంటే చాలు.

గుడ్లు మాత్రమే కనిపిస్తే సన్నటి పళ్ల దువ్వెనతోనో పట్టకారుతోనో ఒక్కటీ వదలకుండా తీసేసి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. కదిలే పురుగు ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి. పైకి కనిపించేవాటిని పట్టకారుతో ఏరుతూ, తువ్వాలులో చుట్టుకుని తీసుకెళ్లండి. నీళ్లలో ముంచకండి. అసలే షాక్‌లో ఉన్న ప్రాణి చల్లబడిపోతుంది, పైగా తడిసిన బొచ్చుని అక్కడ డాక్టర్ మెషీన్‌తో తీయడం కష్టమవుతుంది. కిరోసిన్, టర్పెంటైన్, ఫినాయిల్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వొద్దు. కుక్కలకి వేసే గోమారి చుక్కల మందు కూడా వద్దు. ముఖ్యంగా ఫిప్రోనిల్ ఉన్న మందు కుందేళ్లకి విషం.

అక్కడ ఏమీ లేకపోతే సంతోషం. అయితే వెచ్చటి రోజుల్లో రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, ఇలా చూడటం ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోండి. నిమిషం కూడా పట్టదు.

ఇక అసలు ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి ఇవి విరేచనాలు కాదనే అనిపిస్తోంది. అది ఖాయం చేసుకోవడానికి మీరే చూడగలిగిన గుర్తు ఒకటుంది. బుజ్జి మలవిసర్జన చేసే ట్రేలో గుండ్రంగా, గట్టిగా, పొడిగా ఉండే మామూలు పెంటికలు కూడా కనబడుతున్నాయా? కనబడుతుంటే, అంటుకుంటున్న ఆ నల్లటి జిగురు పూర్తిగా వేరే పదార్థం.

కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. మనం రోజూ ఊడ్చేవి మొదటి రకం. వేళ్ల మధ్య నలిపితే రంపపు పొట్టులా పొడి అవుతాయి, లోపల గడ్డి పీచు తప్ప ఏమీ ఉండదు. రెండో రకం మనకి మామూలుగా కనబడదు. కుందేలు పేగుల్లో అంధనాళం అని ఒక పెద్ద సంచి ఉంటుంది. తిన్న మేతలోని మెత్తటి భాగం అందులోకి వెళ్లి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, మాంసకృత్తులు, బి విటమిన్లు నిండిన ముద్దగా తయారవుతుంది. ఆ ముద్ద బయటికి వస్తుండగానే కుందేలు తల కిందికి వంచి, నేరుగా నోటితో అందుకుని, నమలకుండా మింగేస్తుంది. ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ఇది జరుగుతుంది. దీన్ని చూసి ఛీ అనుకోనక్కర్లేదు. ఆవు నెమరేసినట్టే ఇది కూడా. కుందేలుకి అది రెండో భోజనం, అది లేకపోతే దానికి ఒంటికి పట్టాల్సింది పట్టదు.

నేను దీన్ని మొదటిసారి సరిగ్గా చూసింది నా మొదటి కుందేలు దగ్గర, ఒక తెల్లవారుజామున టార్చి వెలుతురులో. దాని పడక పక్కన నేల మీద పడి ఉంది. చిటికెన వేలి గోరంత వెడల్పు, రెండు గోళ్లంత పొడవు. చిన్న చిన్న నల్లటి గింజలు గుత్తిగా కలిసి, పైన పల్చటి జిగట పొరతో తళతళలాడుతున్నాయి. అచ్చం చిన్న సైజు ద్రాక్షగుత్తి. వేలితో నొక్కగానే పేస్టులా సాగిపోయింది, వాసనకి ముక్కు బద్దలైంది. అంతకు ముందు రెండు నెలలు నేనూ మీలాగే వాటిని విరేచనాలు అనుకుని రోజు మార్చి రోజు కడిగాను. కడిగిన ప్రతిసారీ అది మూల కూర్చుని, సాయంత్రం దాకా మేత ముట్టేది కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

బుజ్జి ఆ మెత్తటి పెంటికలు తినడం మానేసింది, లేదా తినలేకపోతోంది. వాటి మీదే కూర్చోవడంతో అవి నలిగి బొచ్చుకి పట్టేస్తున్నాయి. అందువల్ల దీనికి విరేచనాలు కట్టే మందు ఏదీ వేయకండి. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ అసలే వద్దు. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా పడితే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణం మీదికి వస్తుంది.

నిజమైన విరేచనాలు వేరేగా ఉంటాయి. గట్టి పెంటికలు ఒక్కటీ ఉండవు, అంతా నీళ్లలా లేదా బంకలా వస్తుంది, కుందేలు ముడుచుకుని కూర్చుని మేత ముట్టదు. అలా కనబడితే గంటల లెక్కన చూసుకోవాలి, ముఖ్యంగా పిల్ల కుందేళ్లలో. రేపు చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు.

బుజ్జి ఎందుకు తినడం లేదో మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. నిండుగా ఉండే పెల్లెట్ల గిన్నె, రోజూ అరటిపండు. కుందేలు పేగు పీచు కోసం పుట్టింది. పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే అంధనాళంలో పులిసే తీరు మారిపోయి, గుత్తిగా గట్టిపడాల్సిన ముద్ద పల్చటి పేస్టులా తయారవుతుంది. దాన్ని నోటితో అందుకోవడం కుదరదు. పైగా కడుపు ఎప్పుడూ నిండి ఉంటే ఆ రెండో భోజనం మీద దానికి ఆకలి ఎక్కడిది?

రెండో కారణం కూడా చూడాలి. తినాలని ఉన్నా నోరు అక్కడికి అందకపోవచ్చు. ఒంటి మీద కొవ్వు పెరిగితే, ఆడ కుందేళ్లకి గడ్డం కింద ఉండే గంగడోలు మరీ పెద్దదైతే, నడుము, తుంటి కీళ్లు నొప్పిగా ఉంటే అది వెనక్కి వంగలేదు. బుజ్జి పక్కటెముకల మీద అరచేయి పెట్టి మెల్లగా నిమరండి. పల్చటి గుడ్డ కింద పెన్నులు వరుసగా పేర్చినట్టు ఎముకలు చేతికి తెలియాలి. నొక్కితే గానీ తెలియకపోతే బరువు ఎక్కువైనట్టే. అది ఒళ్లు నాక్కుంటున్నప్పుడు కూడా గమనించండి. ముఖం, చెవులు, ముందుకాళ్లు శుభ్రం చేసుకుని వెనకవైపు తిరగబోయి ఆగిపోతోందా? ఇంతకు ముందు ఎక్కే చోటుకి ఇప్పుడు ఎక్కడం మానేసిందా? అలాగైతే నొప్పి ఉందని అనుమానించాలి. కుందేలు మామూలుగా అరవదు, మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. మనకి తెలిసేది ఇలాంటి మానుకోవడాల వల్లే.

మీరు మామూలుగా రాసేసినా నన్ను ఆలోచనలో పడేసిన మాట ఇంకొకటుంది. ‘గడ్డి వేస్తే పెద్దగా ముట్టుకోదు’ అన్నారు. దానికి గిన్నె నిండుగా ఉండటం ఒక్కటే కారణం కావచ్చు. కానీ పళ్ల నొప్పి కూడా కావచ్చు. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని పక్కలకి నూరుతూ నమిలితేనే దవడ పళ్లు అరుగుతాయి. గడ్డి తినకపోతే అంచులు ములుకుల్లా పెరిగి నాలుకని, బుగ్గని కోస్తాయి. కోస్తుంటే గడ్డి మరీ తినదు, మెత్తగా నలిగే పెల్లెట్లే తింటుంది. మనమేమో దానికి గడ్డి ఇష్టం లేదనుకుంటాం. ముందు పళ్లు బాగున్నాయి కదా అని ఊరుకోవద్దు. లోపలి పళ్లు ఇంట్లో కనబడవు, డాక్టర్ పరికరం పెట్టి చూడాల్సిందే.

మేత మార్పు ఎలా చేయాలో చెబుతాను. ఇది హడావుడిగా చేసే పని కాదు. పెల్లెట్లు ఒక్కసారిగా ఆపేసి, ఆకలైతే గడ్డి అదే తింటుందిలే అని ఎవరైనా చెబితే వినకండి. కుందేలు ఖాళీ కడుపుతో ఉండకూడదు. పేగుల కదలిక ఆగిపోతుంది, లావుగా ఉన్నదైతే కాలేయం కూడా దెబ్బతింటుంది. సుమారు 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ.

అరటిపండు, క్యారెట్ మాత్రం ఇవాళే ఆపేయండి. పాపకి కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. తనకి వేరే పని అప్పగించండి: రోజూ తాజా గడ్డి వేయడం. కుందేలుకి గడ్డి ఎంత వేయాలంటే దాని ఒళ్లంత కుప్ప, అంతకన్నా ఎక్కువైనా మంచిదే. రోజంతా తినేదాంట్లో ఎనభై శాతం పైన గడ్డే ఉండాలి. తిమోతి లాంటి ఎండుగడ్డి, ఇంకా పచ్చదనం పోనిది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మగా వాసన వచ్చేది చూసి తీసుకోండి. బూజు వాసన, దుమ్ము ఉంటే అది ముట్టదు, ముట్టకపోవడమే మంచిది. అల్ఫాల్ఫా గడ్డి ఎదిగే పిల్లలకే. పెద్ద కుందేలుకి అందులో కాల్షియం, మాంసకృత్తులు మరీ ఎక్కువ.

ఆ గడ్డిని ఎక్కడో గిన్నెలో కాకుండా ట్రే పక్కనే, వీలైతే ట్రేకి ఒక చివర వేయండి. పెంటికలు వేస్తూ గడ్డి నమలడం కుందేళ్ల స్వభావం. మా ఇంట్లో రెండు కుందేళ్లు గడ్డి తినడం రెట్టింపయింది ఈ చిన్న మార్పుతోనే.

పెల్లెట్లని రెండు మూడు వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కిలో బరువుకి రోజుకి 25 గ్రాముల దగ్గరికి తీసుకురండి. రెండు కిలోల కుందేలుకి 50 గ్రాములు, అది కూడా పొద్దున సగం, సాయంత్రం సగం. గింజలు, రంగురంగుల ముక్కలు కలిపిన మిశ్రమం వద్దు. దాంట్లోంచి తీపిగా ఉన్నవి ఏరుకుని తిని మిగతావి వదిలేస్తుంది. తాజా ఆకులు ఇప్పటికే అలవాటుంటే కొనసాగించవచ్చు. లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టకండి. వెనకభాగం రెండు వారాలు వరసగా శుభ్రంగా ఉన్నాక ఒక్కొక్క ఆకే, కొంచెం చొప్పున అలవాటు చేయండి. నీళ్లు సీసాలో కాకుండా బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

ఇలా తగ్గిస్తున్నా, ఆకలి ఉండి కూడా గడ్డి దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోతుంటే, లేక నోట్లో పెట్టుకుని జారవిడుస్తుంటే, గడ్డం కింద తడిగా ఉంటే పళ్ల సంగతే. తగ్గించడం అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక కడగడం. టబ్బు, షాంపూ స్నానం ఇవాళ్టితో పూర్తిగా ఆపేయండి. ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నాను. కుందేలు బొచ్చు లోపలి పొర చాలా ఒత్తుగా ఉంటుంది. పైన ఆరినట్టు కనిపించినా అడుగున గంటల తరబడి తడి నిలుస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది, చర్మం నానుతుంది, ఈగలకి అదే కావాలి. నీళ్లలో భయపడి గింజుకున్నప్పుడు దాని వెనక కాళ్ల తన్నుకి దాని నడుమే విరగవచ్చు. అంత బలమైన కాళ్లు, అంత తేలికైన ఎముకలు. షాంపూ వాసన పోయేదాకా అది నాక్కుంటూనే ఉంటుంది, అదంతా కడుపులోకే.

ముందు పొడి పద్ధతి ప్రయత్నించండి. కార్న్ స్టార్చ్ అని దొరికే తెల్లటి మెత్తటి పొడి కొంచెం తీసుకుని, ముఖానికి దూరంగా, మురికి ఉన్నచోట మాత్రమే అద్దండి. జిగురు మీద పొడి పట్టి పెళుసుగా అవుతుంది. అప్పుడు ఒక చేతి వేళ్లతో బొచ్చు మొదలు దగ్గర పట్టుకుని, చర్మం లాగకుండా చూసుకుంటూ, రెండో చేతి వేళ్లతో ముద్దని నలిపితే రాలిపోతుంది. మిగిలిన పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. టాల్కం పౌడర్ వాడొద్దు. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బాగా ఎండి చర్మానికి అట్టకట్టినదైతే నీళ్లు తప్పవు. అప్పుడూ వెనకభాగం వరకే. వెడల్పాటి గిన్నెలో 3 లేక 4 సెంటీమీటర్ల లోతున గోరువెచ్చటి నీళ్లు పోసి, జారకుండా అడుగున చిన్న తువ్వాలు పరవండి. నీళ్ల వేడి మోచేతితో చూసుకోండి. ఇద్దరు ఉంటే తేలిక. ఒకరు ఛాతీ కింద ఒక చేయి, పిరుదుల కింద ఒక చేయి వేసి, ముందుకాళ్లు గట్టు మీద ఉండేలా పట్టుకోవాలి. రెండో వాళ్లు దోసిలితో నీళ్లు పోస్తూ నాననివ్వాలి. రెండు మూడు నిమిషాలు నానితే అట్ట దానంతటదే వదులవుతుంది. లాగకండి. కుందేలు చర్మం తడి కాగితంలా ఉంటుంది, లాగితే ముద్దతో పాటు చర్మమూ ఊడివస్తుంది. ఒక్క విడతలో రాకపోతే మిగతాది రేపు చూసుకోవచ్చు. అది ఎగశ్వాసతో గింజుకుంటుంటే అక్కడితో ఆపేయాలి. సబ్బు, డెట్టాల్, సువాసన ఉన్న తుడుపు కాగితాలు ఏవీ వద్దు.

ఆరబెట్టడమే అసలు పని, కడగడానికి పది నిమిషాలైతే దీనికి అరగంట. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. తువ్వాలు తడిస్తే ఇంకోటి మార్చండి. హెయిర్ డ్రయ్యర్ చప్పుడుకి బెదరకపోతే అతి తక్కువ వేడి మీద, మీ చేతిని బొచ్చు మధ్యలో పెట్టి వేడి చూసుకుంటూ వాడవచ్చు. బొచ్చు మొదలు దగ్గర వేలు పెడితే పొడిగా తగలాలి. అప్పటిదాకా దాన్ని వదలకండి.

శుభ్రం చేయడానికి చాలామంది కుందేలుని వెల్లకిలా పడుకోబెడతారు. అది కదలకుండా ఉండిపోతే హాయిగా ఉందనుకుంటారు. శత్రువు నోట్లో చిక్కిన జంతువు బిగుసుకుపోయే స్థితి అది. లోపల అది భయపడుతూనే ఉంటుంది. మీ ఒళ్లో, దాని వీపు మీ పొట్టకి ఆనేలా కూర్చోబెట్టుకుని, వెనక కాళ్లకి ఆసరా ఇచ్చి చూస్తే సరిపోతుంది.

అట్టకట్టిన బొచ్చుని కత్తెరతో కత్తిరించవద్దని బతిమాలుకుంటున్నాను. బొచ్చు ఎక్కడ అయిపోయిందో, చర్మం ఎక్కడ మొదలైందో తెలియదు. ఒక్క కత్తిరింపుకి అంగుళం పొడవు గాయం అవుతుంది. అది డాక్టర్ చేత తీయించుకోవాల్సిన పని. పాదాల అడుగు బొచ్చు మాత్రం ఎవరినీ తీయనివ్వకండి, మడమలు పుళ్లు పడకుండా కాపాడేది అదే.

వాసన గురించి మీ అత్తగారి మాట కొట్టిపారేయలేం. అయితే ఆ వాసన అంతా మలానిదే కాకపోవచ్చు. మూత్రం వచ్చే చోటుకి అటూ ఇటూ చర్మం మడతల్లో రెండు చిన్న వాసన గ్రంథులు ఉంటాయి. వాటిలో ముదురు గోధుమ రంగు మైనం లాంటిది పేరుకుంటుంది, చెవిలో గులిమి లాగే. కుందేలు తనంతట తను శుభ్రం చేసుకోలేకపోతే అది గట్టిపడి ఘాటుగా కంపు కొడుతుంది. ఇయర్ బడ్‌ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి, మడతని మెల్లగా విప్పి, రెండు మూడుసార్లు తుడిస్తే వచ్చేస్తుంది. రాకపోతే నొక్కకుండా వదిలేయండి. నెలకోసారి చూసుకుంటే చాలు. ఈ ఒక్క పనితో ఇంట్లో వాసన సగం తగ్గడం నేను చూశాను.

మూత్రం సంగతి కూడా ఒకసారి సరిచూసుకోండి. తోక కింద మలంతో పాటు తడి కూడా ఉంటే, కాళ్ల లోపలివైపు బొచ్చు పసుపెక్కి రాలిపోయి, చర్మం ఎర్రగా ఒరిసిపోయినట్టు ఉంటే అది మూత్రం వల్లే. మూత్రసంచిలో కాల్షియం పేరుకున్నా, రాయి ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, నడుము నొప్పితో సరిగ్గా కూర్చోలేకపోయినా ఇలా అవుతుంది. డాక్టర్ ఎక్స్‌రే తీయమనవచ్చు. మామూలుగా కుందేలు మూత్రం కొంచెం సున్నపు నీళ్లలా తెల్లగా ఉండటం, ఒక్కోసారి మేతలోని రంగుల వల్ల నారింజ, ఎరుపు రంగులో రావడం జబ్బేమీ కాదు. పేస్టులా చిక్కగా వస్తే, పోస్తూ బిగుసుకుంటే మాత్రం జబ్బే. ఒరిసిన చర్మానికి ఇంట్లో ఉన్న క్రీములు రాయకండి, నాకేస్తుంది. డాక్టర్ ఇచ్చినదే వాడండి.

బుజ్జికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఈసారి డాక్టర్‌తో ఆ మాట తప్పక కదపండి. నాలుగేళ్ల వయసుకి ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ అరుదైన విషయం కాదు. మూత్రంలో గడ్డలుగానో చారలుగానో రక్తం కనబడితే రంగు మేత వల్లేమో అని సరిపెట్టుకోవద్దు.

డాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలా అని మీకు అనుమానం రావచ్చు. కుక్కలు, పిల్లుల్ని బాగా చూసే డాక్టర్లందరికీ కుందేళ్లు అలవాటు ఉండకపోవచ్చు. నేను ఫోన్‌లోనే ఒక ప్రశ్న అడుగుతాను: ‘ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి నుంచి మేత మాన్పించాలా?’ కుందేలుకి వాంతి అవదు, అందుకని మత్తుకి ముందు కడుపు మాడ్చాల్సిన పనిలేదు, మాడిస్తే పేగులకి ప్రమాదం. మేత పెట్టే తీసుకురండి అన్నవారి దగ్గరికి ధైర్యంగా వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ రోజువి గట్టి పెంటికలు కొన్ని, మెత్తటిది దొరికితే ఒకటి చిన్న డబ్బాలో వేసుకెళ్లండి. వెనకభాగం కడగకముందు ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి. దవడ పళ్లు, నడుము, తుంటి, బరువు ఈ నాలుగూ చూడమని మీరే అడగండి. కీళ్ల నొప్పి అని తేలితే కుందేళ్లకి సరిపడే నొప్పి మందులు ఉన్నాయి. మనుషుల మాత్ర విరిచి వేయడం మాత్రం చేయొద్దు.

ఇంట్లో చేయాల్సిన చిన్న మార్పులు కొన్ని మిగిలాయి. ట్రే రోజూ మార్చండి. దేవదారు, పైన్ రంపపు పొట్టు, తడికి గడ్డకట్టే మట్టి ట్రేలో వేయొద్దు, కాగితం ముక్కలతో చేసినవి మంచివి. ట్రే అంచు ఎత్తుగా ఉంటే ఒకవైపు తగ్గించండి, లావుగా ఉన్నదానికి, నడుము నొప్పి ఉన్నదానికి ఎక్కడం కష్టమై బయటే కూర్చుండిపోతుంది. బోనులోనే ఎక్కువసేపు ఉంటే రోజుకి కొన్ని గంటలైనా బయట పరిగెత్తనివ్వండి. వారానికోసారి వంటగది తూకం మీదో, మీరు ఎత్తుకుని మీ బరువు తీసేసో దాని బరువు రాసి పెట్టండి. మెల్లగా తగ్గడం మంచిదే, వారం తిరిగేసరికి ఒక్కసారిగా తగ్గితే మేత సరిగా తినడం లేదని అర్థం.

మీ అత్తగారిని ఒక నెల గడువు అడగండి. మేత ఒక్కటే కారణమైతే రెండు మూడు వారాల్లో తేడా కనబడుతుంది. ముందు గట్టి పెంటికలు పెద్దవై, రంగు తేలుతాయి, తర్వాత అంటుకోవడం తగ్గుతుంది. మధ్యలో ఒకటి రెండు రోజులు మళ్లీ పాడైనా కంగారుపడి మేతంతా మార్చేయకండి. ఇంకెవరికైనా ఇచ్చేసినా ఈ ఇబ్బంది దానితో పాటే వెళుతుంది. కొత్త ఇంట్లో దాన్ని గమనించేవాళ్లు ఉంటారో లేదో. ఈగ వాలడం కూడా గమనించిన మనిషి మీరు, అందుకే అది మీ దగ్గరే ఉంటే బాగుంటుందని నా కోరిక.

ఏదో ఒకరోజు తెల్లవారుజామున మీరు మంచినీళ్ల కోసం లేచినప్పుడు, బుజ్జి ఒళ్లు ముడుచుకుని, తల కాళ్ల మధ్యకి దూర్చి, మూతి తుడుచుకుంటూ పైకి లేవడం కనబడుతుంది. అప్పుడు లైటు వేయకండి, దాని పని దాన్ని కానివ్వండి.